నిద్ర, ఆకలి, దేహభారము

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన పెద్దల సామెత. దేహధారణకు ముఖ్యమైన ఈ రెండింటిని వారు ఒకే మాటలో జతపరచినారు. కాని లోకవ్యవహారములో ఈ రెండింటిని మనము చూచే చూపులో చాలా భేదమున్నది. ఆకలిగొన్న మనిషిని చూస్తే జాలిపడతాము. నిద్రపోయే మనిషిని చూస్తే సోమరి అంటాము. ఆ నిద్రపోయే మనిషి కాస్త స్థూలకాయుడైతే ఇక చెప్పనక్కరలేదు. "తిని పడుకుంటే ఒళ్లు రాక ఏమవుతుంది?" అని ఇంటివారే మొట్టమొదట అంటారు. ఆ మాట పడిన మనిషి సిగ్గుపడి మరునాటి నుంచి ఒక పూట భోజనము మానివేస్తాడు. లేదా గడియారమునకు అలారము పెట్టుకొని తెల్లవారుజామున ఒక గంట ముందుగా లేస్తాడు. నిద్ర తగ్గిస్తే ఒళ్లు తగ్గునని అతని నమ్మకము.

ఈ నమ్మకములో నిజమెంత? నిద్రించే వేళ మన శరీరములో ఏమీ ఖర్చు కాదా? మేలుకొని ఉన్నంతసేపూ కొవ్వు కరుగుతూనే ఉంటుందా? ఈ ప్రశ్నలకు శాస్త్రజ్ఞులు త్రాసులతోను, ఉష్ణమాపకములతోను, రక్తపరీక్షలతోను సమాధానములు వెదకినారు. మేము వైద్యులము కాము. వారు కొలిచి ప్రకటించిన సంగతులను ఏర్చి కూర్చి శ్రోతల ముందుంచడము వరకే మా పని.

నిద్రకు, స్థూలకాయమునకు సంబంధమున్నదనే ఊహ కొత్తది కాదు. రామాయణములో కుంభకర్ణుని తలచుకున్నంతనే కొండవంటి దేహము, ఆరుమాసముల నిద్ర, రెండూ ఒకేసారి మన మనస్సుకు వస్తవి. కాని మన స్త్రీలు పాడుకొనే "ఊర్మిళాదేవి నిద్ర" పాటలో ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రించినది. ఆమె స్థూలకాయురాలైనదని అమ్మమ్మలెవ్వరూ పాడగా మేము వినలేదు. కుంభకర్ణుని విషయములో కూడ మనము నిద్రనే పట్టుకొని, ఆయన లేచిన వెంటనే ఆరగించే రాశులను మరచిపోతున్నాము.

కావ్యములను అటుంచి వైద్యగ్రంథమునకు వద్దాము. చరకసంహిత సూత్రస్థానములో 21వ అధ్యాయమున స్థూలదేహమును గూర్చి, కృశదేహమును గూర్చి చర్చ ఉన్నది. విశేషమేమంటే, నిద్రను గూర్చిన ప్రకరణము కూడ ఆ అధ్యాయములోనే ఉన్నది. అనగా దేహభారమును, నిద్రను విడదీసి చూడరాదని ఆనాటి వైద్యులు గుర్తించినారన్నమాట. పగటినిద్ర స్థూలతకు ఒక కారణమని, కృశించినవారికి నిద్ర పుష్టినిచ్చునని అక్కడ చెప్పబడినది. స్థూలత పోగొట్టుకొనగోరేవారు జాగరణమును, వ్యాయామమును క్రమముగా పెంచుకొనవలెనని కూడ ఉన్నది. మన ఇళ్లలోని నమ్మకమునకు మూలము ఎక్కడ ఉన్నదో ఇందువలన తెలుస్తున్నది. నిద్రకు, బరువుకు సంబంధమున్నదన్న మాట నేటి శాస్త్రము కూడ ఒప్పుకొంటున్నది. జాగరణము వలన ఒళ్లు తగ్గునన్న మాట దగ్గర మాత్రము నేటి కొలతలు వేరొక దారి చూపుతున్నవి. ఆ దారి ఎట్లు ఏర్పడినదో చూద్దాము.

పదిహేడవ శతాబ్ది ఆరంభములో ఇటలీ దేశపు పాడువా నగరములో సాంక్టోరియస్ అనే వైద్యుడుండేవాడు. ఆయన ఒక పెద్ద త్రాసుకు కుర్చీని వ్రేలాడదీసి, అందులో కూర్చొని తన బరువును తానే తూచుకొనేవాడు. తిన్నదానిని తూచినాడు, త్రాగినదానిని తూచినాడు, విసర్జించినదానిని తూచినాడు. ఈ పనిని ఇంచుమించు ముప్పది సంవత్సరములు సాగించి, ఫలితములను 1614లో గ్రంథముగా ప్రకటించినాడు. లోనికి పోయినదానికి, బయటకు వచ్చినదానికి లెక్క సరిపోలేదు. కంటికి కనపడకుండ ఏదో ఒకటి రాత్రింబవళ్లు దేహమును విడిచి పోతున్నదని ఆయన నిర్ణయించినాడు. ఆ పోయేది ఆవిరియని, బొగ్గుపులుసు వాయువని తరువాతి తరములవారు తెలుసుకొన్నారు.

పద్దెనిమిదవ శతాబ్ది చివర ఫ్రాన్సు దేశములో లావోజియే, లాప్లాస్ అనే ఇద్దరు మహనీయులు గినీపందిని మంచు నింపిన పాత్రలో ఉంచి, దాని దేహపు వేడికి ఎంత మంచు కరిగినదో కొలిచినారు. ఊపిరి అనేది మెల్లగా మండే మంట వంటిదే అని వారు చెప్పినారు. పొయ్యిలో కట్టె కాలినట్లే మనలో అన్నము, నూనె, పప్పు ప్రాణవాయువుతో కలసి కాలుతున్నవి. మంట కనపడదు, వేడిమి మాత్రము తెలుస్తున్నది. ఆ వేడిమిని కొలిచే ప్రమాణమే కెలోరీ. ఆహారశాస్త్రములో చెప్పే ఒక కెలోరీ అంటే ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కించేటంత శక్తి. పిండిపదార్థము గ్రాముకు 4, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 కెలోరీల చొప్పున శక్తినిస్తున్నవి. ఈ లెక్కను స్థిరపరచినది అమెరికాలోని ఆట్వాటర్ పండితుడు. ఆయన 1890ల దశకములో ఒక చిన్న గదిని కట్టించి, అందులో మనుష్యులను రోజుల తరబడి ఉంచి, వారు తిన్నా, కూర్చున్నా, పనిచేసినా, నిద్రించినా వెలువడే వేడిమిని కొలిచినాడు.

ఈ కథలో మన తెలుగువానికి కూడ ఒక స్థానమున్నది. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలసి 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థమును వెల్లడించినారు. 1929లో ఎ.టి.పి. అనే పదార్థమును వారు ఒకవంక, జర్మనీలో లోమాన్ వేరొకవంక కనుగొన్నారు. మనము తిన్న అన్నములోని శక్తి తిన్నగా పనికి రాదు. మొదట ఈ ఎ.టి.పి. రూపములోనికి మారవలెను. ధాన్యమును అమ్మి రొక్కము చేసుకొని, ఆ రొక్కముతో సరుకులు కొన్నట్లే, శరీరములోని ప్రతి కణము ఎ.టి.పి. అనే నాణెముతో బేరము సాగిస్తున్నది.

ఈ నాణెమునకు నిద్రతో ఒక చుట్టరికమున్నది. ఎ.టి.పి. విచ్ఛిన్నమైనప్పుడు మిగిలే పదార్థములలో అడినోసిన్ అనేది ఒకటి. మేలుకొని ఉన్నకొద్దీ ఇది మెదడులో పోగుపడి, కనురెప్పలు బరువెక్కేటట్లు చేస్తున్నది. పొయ్యిలో బూడిద పేరుకొన్నట్లు అనుకొనవచ్చును. నిద్రలో అది తొలగిపోతున్నది. కాఫీలోని కెఫీను ఈ అడినోసిన్ పనిచేసే చోటుకు అడ్డుపడుతున్నది. అందుచేతనే కాఫీ త్రాగితే నిద్ర తేలిపోయినట్లుంటుంది. బూడిద మాత్రము పొయ్యిలోనే ఉన్నది, ఎత్తిపోయలేదు.

ఇక నిద్రలో ఖర్చు ఎంత? కదలక మెదలక పరుండిన మనిషిలో కూడ గుండె కొట్టుకొంటున్నది, ఊపిరితిత్తులు ఆడుతున్నవి, కాలేయము, మూత్రపిండములు పనిచేస్తున్నవి. మెదడు శరీరపు బరువులో నూటికి 2 పాళ్లు మాత్రమే అయినా, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తిలో నూటికి 20 పాళ్లు దానికే పోతున్నది. 1953లో షికాగో విశ్వవిద్యాలయములో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలాడే ఘట్టములున్నవని కనుగొన్నారు. స్వప్నములు అధికముగా వచ్చే ఆ ఘట్టములలో మెదడు ఇంచుమించు మేలుకొన్నప్పటివలెనే శ్రమిస్తున్నది. గాఢనిద్రలో మాత్రము దాని ఖర్చు తగ్గుతున్నది. దేహపు వేడిమి కూడ కొంచెము చల్లబడుతున్నది. అన్నీ కలిపి చూస్తే, మేలుకొని ఊరక పరుండినప్పటి ఖర్చు కంటె నిద్రలో ఖర్చు నూటికి 5 నుంచి 10 పాళ్లు మాత్రమే తక్కువ. 60 కిలోల బరువున్న మనిషి ఎనిమిది గంటలు నిద్రిస్తే సుమారు 400 కెలోరీలు ఖర్చగును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన అంచనాల ప్రకారము కూర్చొని పనిచేసే పురుషునకు రోజుకు 2110, స్త్రీకి 1660 కెలోరీలు కావలెను. అనగా రోజంతటి ఖర్చులో ఇంచుమించు ఐదవ వంతు నిద్రలోనే జరుగుతున్నది. నిద్రించే శరీరము తాళము వేసిన దుకాణము కాదు. తలుపులు మూసికొని లోపల లెక్కలు సరిచూచుకొనే దుకాణము.

ఇక్కడ ఒక చిన్న సందేహమును తీర్చవలసి ఉన్నది. రాత్రి పడుకొనబోయే ముందు తూచుకొని, ఉదయము లేచి తిరిగి తూచుకొంటే బరువు కొంత తగ్గి ఉంటుంది. అదంతా కరిగిన కొవ్వు కాదు. అందులో అధికభాగము శ్వాసతోను, చర్మము ద్వారాను పోయిన నీటి ఆవిరి; మంచినీళ్లు త్రాగగానే తిరిగి వచ్చేదే. నిజముగా కరిగిన కొవ్వు ఎటు పోవునంటే, అది కూడ ముక్కు దారినే పోతున్నది. 10 కిలోల కొవ్వు పూర్తిగా కరిగితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా, 1.6 కిలోలు నీరుగా మారునని 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు లెక్క కట్టి చూపినారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నిద్ర మానితే ఎంత ఖర్చు పెరుగుతుంది? దీనిని అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమువారు 2011లో ప్రకటించిన పరిశోధనలో కొలిచి చూచినారు. ఆరోగ్యవంతులైన ఏడుగురిని ఒక రాత్రి పూర్తిగా మేలుకొలిపి ఉంచి, పడకమీదనే కదలనీయక ఉంచి, వారి శక్తివ్యయమును గణించినారు. ఆ ఇరువదినాలుగు గంటలలో ఖర్చు నూటికి 7 పాళ్లు పెరిగినది. అనగా 134 కెలోరీలు. ఎనిమిది గంటల నిద్రకు దానిని పంచితే గంటకు 17 కెలోరీలు వస్తవి. 17 కెలోరీలంటే ఒక చిన్న చెంచాడు పంచదార! రాత్రియంతా కూర్చున్న ఫలము 15 గ్రాముల నూనెకు సమానము. పోపులో ఒక పెద్ద చెంచాడు ఎక్కువ పడితే సరి. పైగా మరునాడు వారిని నిద్రపోనిచ్చినప్పుడు శరీరము తన ఖర్చును మామూలు రోజు కంటె కూడ తగ్గించుకొన్నది. పోగొట్టుకొన్నదానిని గీచి గీచి రాబట్టుకొన్నదన్నమాట.

రాత్రి మేలుకొనేవారు ఊరక కూర్చుండరు గదా. ఒక కప్పు కాఫీ కావలెను. అందులో పాలు, రెండు చెంచాల పంచదార ఉండును. కాసిని వేయించిన వేరుసెనగపప్పులు కావలెను. 30 గ్రాముల పప్పులలో 160 కెలోరీల ప్రాంతము ఉండును. పిడికెడు పప్పులతో రాత్రియంతటి జాగరణపు సంపాదన చెల్లు. జాగరణము వలన ఒళ్లు తగ్గునన్న ఆశ ఈ లెక్క దగ్గరనే కూలిపోతున్నది.

అంతటితో ఆగిపోయినా బాగుండును. నిద్ర చాలనప్పుడు ఆకలియే మారిపోతున్నది. మన కడుపు నిండినదని మెదడుకు తెలిపే దూతలు, ఖాళీగా ఉన్నదని తెలిపే దూతలు రక్తములో తిరుగుతుంటారు. 1994లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు కొవ్వుకణముల నుంచి వెలువడే లెప్టిన్ అనే హార్మోనును కనుగొన్నాడు. "నిలవ చాలినంత ఉన్నది, తినుట చాలించు" అని చెప్పే దూత అది. 1999లో జపానులో కొజీమా, కంగావా అనువారు జీర్ణకోశము నుంచి వెలువడే గ్రెలిన్ అనే హార్మోనును కనుగొన్నారు. "పాత్ర ఖాళీ అయినది, వడ్డించు" అని చెప్పే దూత ఇది.

2004లో షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన స్పీగెల్, వాన్ కౌటర్ ప్రభృతులు పన్నెండుగురు ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు, వేరొకప్పుడు రెండు రాత్రులు పదేసి గంటలు నిద్రింపజేసి పరీక్షించినారు. నిద్ర తగ్గినప్పుడు లెప్టిన్ నూటికి 18 పాళ్లు తగ్గినది. గ్రెలిన్ 28 పాళ్లు పెరిగినది. ఆకలి 24 పాళ్లు హెచ్చినట్లు వారు చెప్పుకొన్నారు. ఆ హెచ్చిన ఆకలి ఆకుకూరల మీదికి పోలేదు. తీపి వస్తువులు, ఉప్పు చిరుతిండ్లు, పిండివంటల మీదికి పోయినది. తరువాతి పరిశోధనలన్నిటిలోను ఈ రెండు హార్మోనులు ఇంత స్పష్టముగా మారలేదన్న మాట కూడ ఇక్కడ చెప్పుట న్యాయము. కాని నిద్ర చాలనివారు ఎక్కువ తింటున్నారన్న ఫలితము మాత్రము మరల మరల వస్తూనే ఉన్నది.

కొలరాడోవారే 2013లో ప్రకటించిన వేరొక పరిశోధనలో పదహారుగురిని ఐదు రోజులపాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిచ్చి, తిండికి కొరత లేకుండ పెట్టినారు. వారి ఖర్చు రోజుకు నూటికి 5 పాళ్లు పెరిగినది. కాని తిండి అంతకు మించి పెరిగినది. అది కూడ రాత్రి భోజనము ముగిసిన తరువాత తినే చిరుతిండ్ల రూపములో పెరిగినది. ఆ ఐదు రోజులలోనే సగటున 0.82 కిలోల బరువు హెచ్చినది. ఆదాయము అణా పెరిగితే ఖర్చు రూపాయి పెరిగిన సంసారమువలె, నిద్ర తగ్గించిన శరీరములో జమాఖర్చులు తారుమారైనవి.

మరి పట్టుదల గలవారు ఆకలిని అణచుకొని, మితముగా తిని, నిద్రను కూడ తగ్గిస్తే? దీనికి సమాధానము 2010లో షికాగో నుంచియే వచ్చినది. బరువు ఎక్కువగా ఉన్న పదిమందికి పదునాలుగు రోజులు మితాహారమిచ్చి, ఒకసారి ఎనిమిదిన్నర గంటలు, వేరొకసారి ఐదున్నర గంటలు నిద్రకు అవకాశమిచ్చినారు. రెండుసార్లూ ఇంచుమించు మూడు కిలోలే తగ్గినారు. త్రాసు చూచినవాడు రెండూ సమానమే అనుకొనును. కాని తగ్గినది ఏది అని విడదీసి చూచినప్పుడు, చాలినంత నిద్రించినవారిలో 1.4 కిలోల కొవ్వు పోయినది. నిద్ర తక్కువైనవారిలో 0.6 కిలోల కొవ్వు మాత్రమే పోయి, మిగిలినదంతా కండ మొదలైన సారవంతమైన ధాతువుల నుంచి పోయినది. పాత బాకీ తీర్చవలెనని ఇంట్లో చెత్త అమ్మబోయి, దున్నే ఎడ్లను అమ్ముకొన్నట్లయినది. కండ తరిగితే విశ్రాంతిలోని శక్తివ్యయము కూడ తగ్గును. రేపటి బరువుకు ఈనాడే దారి వేసినట్లగును. నిద్ర మాని, అన్నము మాని ఒళ్లు తగ్గించుకొన దలచినవారు ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొన్నా మా ప్రసంగము సార్థకమైనట్లే.

దీనికి ఎదురుదారిలో జరిగిన పరిశోధన కూడ ఒకటి ఉన్నది. 2022లో షికాగోలోనే టసాలి ప్రభృతులు, రాత్రికి ఆరున్నర గంటల కంటె తక్కువ నిద్రించే అలవాటున్న, కొంత అధికభారము గల ఎనుబదిమంది పెద్దలను ఎన్నుకొన్నారు. వారిని ప్రయోగశాలలో బంధింపలేదు. వారి ఇళ్లలోనే ఉంచినారు. తిండిని గూర్చి ఒక్క ఆంక్ష కూడ పెట్టలేదు. సగముమందికి మాత్రము నిద్రవేళలను దిద్దుకొనే ఉపాయములను బోధించి, రెండు వారములపాటు నిద్ర పెంచినారు. వారి నిద్ర సగటున ఒక గంటా పది నిమిషములకు పైగా పెరిగినది. వారు తినే ఆహారము, రెండవ జట్టుతో పోల్చినప్పుడు, రోజుకు 270 కెలోరీలు తగ్గినది. ఎవరూ వద్దనకుండ, ఎవరూ దాచకుండ, ఆకలి తనంతట తానే కొంత వెనుకకు తగ్గినదన్నమాట.

రాత్రిపూట కొలువు చేసి పగలు నిద్రించేవారి మాట వేరుగా చెప్పవలెను. రేడియోలో పనిచేసే మాకు ఇది పరాయి విషయము కాదు. సూర్యోదయమునకు ముందే ప్రసారమునకు సిద్ధపడేవారము, అర్ధరాత్రి ప్రాంతములో ఇల్లు చేరేవారము మాలో ఉన్నాము. ఆసుపత్రులలో నర్సులు, రైళ్లు నడిపేవారు, కర్మాగారములలో రాత్రి షిఫ్టువారు, బస్సులను లారీలను తోలేవారు, పరదేశపు వేళలకు సరిపడ హైదరాబాదులో రాత్రులు పనిచేసే యువతీయువకులు, వీరందరిదీ ఇదే కథ. శరీరములో ఒక గడియారమున్నది; వెలుగు, చీకట్లను బట్టి అది నడుస్తున్నది. దానికి విరుద్ధముగా మేలుకొని, విరుద్ధముగా నిద్రించేవారిలో రోజంతటి శక్తివ్యయము రెండవనాటి నుంచి నూటికి 3 పాళ్లు తగ్గినదని 2014లో కొలరాడోవారు చూపినారు. అంకె చిన్నదే. కాని ఆ వేళలలోనే నిద్ర కూడ కొరతబడును, తిండి కూడ అపవేళ అగును. కొలువు మానుమని ఎవరూ చెప్పలేరు. చేతనైనంతలో ఇంటివారు చేయగలిగినది ఒకటున్నది. పగటివేళ అతడు నిద్రిస్తుంటే కిటికీలకు తెరలు దించి, చప్పుడు చేయక, "పట్టపగలు ఈ నిద్రేమిటి?" అనక ఉండగలరు. అతనికి అదే రాత్రి.

ఇక గురకను గూర్చి. గురక పెట్టేవారిని చూచి "హాయిగా నిద్రపోతున్నాడు" అంటాము; నవ్వుకొంటాము కూడ. గురకలన్నీ ప్రమాదకరములు కావు. కాని పెద్దగా గురక పెట్టుచు, నడుమ పది క్షణములో, ఇంకా ఎక్కువో ఊపిరి ఆగి, తరువాత ఉలికిపాటుతో గట్టిగా గాలి పీల్చే మనిషి హాయిగా నిద్రించుట లేదు. మెడ చుట్టు చేరిన కొవ్వు వలన గాలి పోయే దారి ఇరుకై, కండరములు వదులైన వేళ మూసుకొనిపోతున్నది. తనకు తెలియకుండగనే రాత్రికి ఎన్నోమార్లు అతడు మేలుకొంటున్నాడు. పగలు కుర్చీలో కునుకుతున్నాడు. ఇంటివారు సోమరితనమంటున్నారు. నిజానికి అది నిద్ర ఎక్కువై కాదు, చాలక. అలసట వలన నడక తగ్గి, తిండి పెరిగి, బరువు హెచ్చును. హెచ్చిన బరువు గొంతును మరింత బిగించును. ఈ చక్రమును తెంచుటకు వైద్యమున్నది. 1981లో ఆస్ట్రేలియాలో సలివన్ అనే వైద్యుడు ముక్కు ద్వారా మెత్తని ఒత్తిడితో గాలిని పంపే ఉపాయమును ప్రకటించినాడు; నేడు అది పలు ఆసుపత్రులలో లభిస్తున్నది. బరువు తగ్గుట వలన కూడ గుణము కనబడును. రోగికి తన గురక వినపడదు. ప్రక్కన ఉన్నవారికే వినపడును. కనుక వైద్యునికి చెప్పవలసినది కూడ ప్రక్కనున్నవారే.

మన ఇళ్లలో నిద్రను పోగొట్టుకొనేవారెవరని ఒక్కమారు ఆలోచిద్దాము. పరీక్షలు దగ్గరపడిన పిల్లలు ఒకరు. వారిని తెల్లవార్లు మేలుకొలిపి చదివించుట గొప్పగా చెప్పుకొంటాము. రెండవవారు ఆ ఇంటి ఇల్లాలు. అందరి భోజనములైన తరువాత వంటిల్లు సర్దుకొని, పాలు తోడుపెట్టి, తలుపులు వేసి పడుకొనేది ఆమె. అందరికంటె ముందుగా లేచేది కూడ ఆమె. బిడ్డతల్లి అయితే నడిరాత్రి నిద్ర కూడ లేదు. నలుబదేండ్లు దాటిన తరువాత ఆమెకు ఒళ్లు వచ్చినదంటే, తిండిని గూర్చి, నడకను గూర్చి సలహాలు చెప్పేవారు పదిమంది ఉంటారు. "నీవు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావు?" అని అడిగేవారు కనబడరు. బరువుకు వంశము, వయస్సు, తిండి, శ్రమ, మందులు, కొన్ని గ్రంథుల వ్యాధులు, ఇన్ని కారణములున్నవి. నిద్ర ఒక్కటే కారణమనుట సరి కాదు. కాని ఇన్ని కారణములను వెదకేవారము ఈ ఒక్కదానిని విడిచిపెట్టుటకు న్యాయము లేదు. వంటింటి పనిని పదిగంటల లోపల నలుగురూ పంచుకొని ముగించుట కూడ ఒక వైద్యమే.

పెద్దలకు రాత్రికి ఏడుగంటలకు తక్కువ కాని నిద్ర అవసరమని వైద్యసంఘములు చెబుతున్నవి. ఎదిగే పిల్లలకు అంతకంటె ఎక్కువ. రాత్రి భోజనమునకు, పడకకు నడుమ రెండు మూడు గంటల వ్యవధి ఉంచుకొనుట, సాయంత్రము తరువాత కాఫీ, టీలు మానుట, ఆదివారమైనా లేచే వేళను ఎక్కువగా మార్చకుండుట, పడకగదిలో చీకటి, చల్లదనము ఉండేటట్లు చూచుకొనుట మంచిది. మధ్యాహ్నము కునుకు అలవాటున్నవారు దానిని అరగంటకు మించనీయకపోతే రాత్రినిద్రకు భంగముండదు. గ్రీష్మములో పగటినిద్రను చరకుడు కూడ అనుమతించినాడు. మన ఎండలు ఆయనకు తెలియనివి కావు. అయితే నిద్ర ఎంత పెంచితే అంత సన్నబడుదుమని ఎవరూ అనుకొనవద్దు. చాలినంత నిద్ర ఆకలిని అదుపులో ఉంచును, పగటి నడకకు ఓపికనిచ్చును, మితాహారము వలన కొవ్వే పోవునట్లు, కండ నిలుచునట్లు తోడ్పడును. మిగిలిన పనిని కాళ్లు, చేతులు, కంచము ముందు కూర్చున్న మనస్సు చేసికొనవలెను.

శ్రోతలు మమ్ములను ఎంతసేపు వింటే మాకు అంత సంతోషమే. అయినా ఈ విషయములో మాత్రము మా లాభమును మేమే కాదనుకొంటున్నాము. నిద్రవేళ అయినప్పుడు, ఎంత మంచి కార్యక్రమము వస్తున్నా, చేతిలోని ఫోనుతో పాటు ఈ రేడియోను కూడ కట్టివేసి, దీపమార్పి పడుకొనండి.